క్యాంపర్ వ్యాన్‌కి ఫ్రిజ్: ఏది కొనాలి, దానికి కరెంటు ఎలా ఇవ్వాలి

ఫ్రిజ్ మోడళ్ళు చూడటం కాసేపు పక్కన పెట్టి ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. వ్యాన్‌లో ఎంతమంది ఉంటారు, బండి కదలకుండా ఒకే చోట ఎన్ని రోజులు ఆపుతారు, ఫ్రిజ్‌లో నిజంగా ఏమేం పెడతారు, మీరు తిరిగే చోట పగలు ఎంత వేడి ఉంటుంది, ఈ నాలుగూ రాసుకోండి. కింద వచ్చే లెక్కలన్నీ వీటి మీదే ఆధారపడతాయి. ఇంట్లో అయితే ప్లగ్గు పెట్టి మర్చిపోతాం, వ్యాన్‌లో అలా కుదరదు. పెట్టె, దానికి వెళ్ళే వైరు, బ్యాటరీ, ఆ బ్యాటరీని మళ్ళీ నింపే ఏర్పాటు, వీటిలో ఏ ఒక్కటి అత్తెసరుగా ఉన్నా పాలు విరిగిపోతాయి. చాలామంది డబ్బంతా పెట్టె మీద పెట్టేసి మిగతా మూడింటి దగ్గర సర్దుకుపోతారు. మొదట్లో నేనూ అదే చేశాను, ఏం జరిగిందో వైర్ల దగ్గరికి వచ్చాక చెప్తాను.

1. ముందు రకం తేల్చుకోండి

12 వోల్టుల మీద నడిచేవి మూడు రకాలు. బయటికి అన్నీ ఒకేలాంటి పెట్టెల్లా కనిపిస్తాయి కాబట్టి పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిది థర్మోఎలక్ట్రిక్ కూలర్. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పోతే ఆ అతుకు వేడెక్కడమో చల్లబడటమో జరుగుతుందని ఫ్రాన్స్‌కి చెందిన పెల్టియే 1834లో గమనించాడు, ఈ కూలర్లు పనిచేసేది ఆ సూత్రం మీదే. ఫ్యాన్ తప్ప కదిలే భాగం లేదు, తేలిక, చవక. కానీ ఇది బయటి వేడి కన్నా ఓ 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 38 ఉంటే లోపల 20 దగ్గర ఆగిపోతుంది, ఆ వేడిలో పాలు గానీ మాంసం గానీ దాచడం ప్రమాదం. పైగా చాలా మోడళ్ళలో థర్మోస్టాట్ ఉండదు, 50 వాట్ల దాకా లాగుతూ 24 గంటలూ ఆగకుండా తిరుగుతుంది, అంటే రోజుకి 1200 వాట్ అవర్లు. మంచి కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకునేది ఇందులో మూడో వంతు! అట్ట మీద "బయటి ఉష్ణోగ్రత కన్నా 20 డిగ్రీలు తక్కువ" అనే మాట కనిపిస్తే అది ఈ రకమే అని గుర్తుపట్టండి. ఒక్క పూట ప్రయాణానికి ముందే చల్లబెట్టిన సీసాలు పెట్టుకోవడానికి ఫరవాలేదు, వ్యాన్‌లో ఉండటానికి మాత్రం వద్దు.

రెండోది అబ్సార్ప్షన్ ఫ్రిజ్, గ్యాసు మీద కూడా నడిచేది. పంపు లేకుండా వేడితోనే చల్లదనం పుట్టించే ఈ రకం ఫ్రిజ్‌ని స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్, 1922లో తయారుచేశారు. అమోనియా, నీరు, హైడ్రోజన్, వీటిని కదిలించడానికి ఒక చిన్న మంట, అంతే. చప్పుడు ఉండదు. చెట్ల నీడలో వారాల తరబడి ఒకే చోట ఉండేవాళ్ళకి ఇది నిజంగానే మంచిది. కానీ బండి ఒక పక్కకి వాలి ఉంటే లోపలి ద్రవం సరిగ్గా ప్రవహించదు, చల్లదనం పోతుంది. మంట ఉంది కాబట్టి పొగ బయటికి పోయే దారి పక్కాగా ఉండాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ వ్యాన్‌లో చేరుతుంది, దానికి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. 12 వోల్టుల మీద నడిపితే లోపల ఉన్నది హీటరు కాబట్టి 100 వాట్ల పైనే లాగుతుంది, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు తప్ప అలా నడపలేం. సరైన గ్యాసు ఫిట్టింగ్ చేయించుకునే ఉద్దేశం ఉంటేనే దీని గురించి ఆలోచించండి.

మూడోది కంప్రెసర్ ఫ్రిజ్. వ్యాన్‌కి ఇదే కొనండి. ఇంట్లో ఫ్రిజ్ లాంటిదే, కాకపోతే దీని కంప్రెసర్ నేరుగా 12 లేదా 24 వోల్టుల మీద నడుస్తుంది. బయట ఎంత ఎండ ఉన్నా లోపల 4 డిగ్రీలు పెట్టుకోవచ్చు, కావాలంటే మైనస్ 18 దాకా దింపి ఫ్రీజర్‌గా వాడుకోవచ్చు. కావలసినంత చల్లబడగానే ఆగిపోతుంది, మళ్ళీ వేడెక్కితేనే తిరుగుతుంది, బ్యాటరీ మిగిలేది అక్కడే. చాలావరకు 30 డిగ్రీల వాలు కూడా తట్టుకుంటాయి. పాత తరం వాళ్ళు "డాన్‌ఫాస్ కంప్రెసర్ ఉందా" అని అడుగుతారు, ఆ కంపెనీ తన చిన్న కంప్రెసర్ల విభాగాన్ని 2010లో అమ్మేసింది, ఇప్పుడు అవి సెకాప్ పేరుతో వస్తున్నాయి. వేరే కంపెనీల కంప్రెసర్లలోనూ మంచివి ఉన్నాయి కాబట్టి పేరు ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. గోడల మందం, మూత రబ్బరు ఎంత గట్టిగా పట్టుకుంటుంది, విడి భాగాలు దొరుకుతాయా అన్నవి కూడా అంతే ముఖ్యం. మూత మధ్య ఒక సన్నటి కాగితం పెట్టి మూసి లాగి చూడండి. తేలిగ్గా జారి వచ్చేస్తే ఆ సందులోంచి చల్లదనం కూడా అలాగే పోతుంది.

2. టేపు పెట్టి కొలవండి

ఒక్కరికి 20 నుంచి 25 లీటర్లు, ఇద్దరికి 35 నుంచి 45, పిల్లలతో కలిసి నలుగురైతే 50 పైన, సుమారుగా ఇలా అనుకోవచ్చు. అయితే లీటర్ల అంకె చూసి మోసపోకండి. పెట్టెలో ఒక మూల కంప్రెసర్ ఉంటుంది, దాని పైన లోపలి భాగం మెట్టులా ఎత్తుగా ఉంటుంది, అక్కడ పెద్ద సీసా నిలబడదు. మీరు ఎక్కువగా వాడే సీసా ఒకటి, డబ్బా ఒకటి కొలిచి ఆ కొలతలతో ఫ్రిజ్ లోపలి లోతు పోల్చి చూడండి, బయటి కొలతలతో కాదు.

పైకి మూత తెరిచేదా, ముందుకి తలుపు తెరిచేదా అంటే, కరెంటు తక్కువగా ఉన్న చోట పైకి తెరిచేదే మంచిది. చల్లగాలి బరువు, మూత తీసినా అడుగునే ఉంటుంది. ముందు తలుపు తీస్తే ఆ గాలంతా కాళ్ళ మీదికి జారిపోతుంది, అది మీకే తగులుతుంది. కాకపోతే పైకి తెరిచేదాంట్లో అడుగున ఉన్నది తీయాలంటే పైవన్నీ తీయాలి, మూత పూర్తిగా లేవడానికి పైన ఖాళీ కావాలి. ఆ ఖాళీ కూడా ఇప్పుడే కొలుచుకోండి, ఎందుకంటే మంచం కింద పెట్టాక మూత సగమే లేస్తుందని తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

రెండు అరలు, ఒకటి ఫ్రిజ్, ఒకటి ఫ్రీజర్, ఉన్నవి చూడటానికి బాగుంటాయి. నిజంగా గడ్డకట్టిన సరుకు పెట్టే అలవాటు ఉంటేనే తీసుకోండి. లేకపోతే రోజూ ఆ చిన్న అరని మైనస్‌లో ఉంచడానికి కరెంటు పోస్తూ ఉంటారు.

బరువు కూడా చూసుకోండి. 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ ఖాళీగానే సుమారు 15 కిలోలు ఉంటుంది, నిండితే 35 దాటుతుంది.

3. ఒక రోజు లెక్క వేయండి

ఫ్రిజ్ మీద 45 వాట్లు, 60 వాట్లు అని రాసి ఉంటుంది. అది కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు తీసుకునే లెక్క, రోజంతటి లెక్క కాదు. రోజులో ఎంతసేపు తిరుగుతుందన్నది బయటి వేడి మీద, మీరు పెట్టుకున్న ఉష్ణోగ్రత మీద, మూత ఎన్నిసార్లు తీస్తారన్నదాని మీద ఉంటుంది. చల్లటి వాతావరణంలో మూడో వంతు సమయం తిరిగితే చాలు, మంచి ఎండల్లో సగానికి పైనే తిరుగుతుంది.

ఉదాహరణకి 45 వాట్ల ఫ్రిజ్, రోజులో 40 శాతం తిరిగిందనుకోండి. 45 × 24 × 0.4 అంటే 432 వాట్ అవర్లు. దాన్ని 12తో భాగిస్తే 36 యాంప్ అవర్లు, మనం మామూలుగా ఏహెచ్ అనేది. అదే ఫ్రిజ్‌ని మైనస్ 18కి పెడితే ఇది రెట్టింపు దాకా పోతుంది. ఇప్పుడు దీనికి లైట్లు, ఫోన్లు, ఫ్యాను, నీళ్ళ పంపు కలపండి. అవన్నీ కలిపి 14 అనుకుంటే రోజుకి 50 ఏహెచ్. ఈ అంకె కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి, మిగతా కొనుగోళ్ళన్నీ దీని నుంచే వస్తాయి.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది: వేడి సరుకు. 10 లీటర్ల నీళ్ళు 30 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకి దించాలంటే సుమారు 300 వాట్ అవర్ల వేడిని బయటికి తోడాలి. కంప్రెసర్ తను తీసుకున్న కరెంటు కన్నా ఎక్కువ వేడినే తోడుతుంది కాబట్టి అంతా ఖర్చు కాదు, అయినా 150 నుంచి 200 వాట్ అవర్లు పోతాయి, అంటే ఫ్రిజ్ రోజు ఖర్చులో మూడో వంతు నుంచి దాదాపు సగం దాకా. అందుకే బయల్దేరే ముందు రోజు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్ ఆన్ చేసి, పెట్టబోయే సరుకంతా ఇంటి ఫ్రిజ్‌లో చల్లబెట్టి, అప్పుడు మార్చండి. దారిలో నీళ్ళు పెట్టుకోవాలంటే ఒకేసారి డజను సీసాలు పడేయకుండా, బండి నడుస్తున్నప్పుడో ఎండ బాగా ఉన్న మధ్యాహ్నమో రెండేసి పెట్టండి.

4. బ్యాటరీ

ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మీద ఫ్రిజ్ నడపకండి. ఆ బ్యాటరీ కొన్ని సెకన్లపాటు భారీ కరెంటు ఇవ్వడానికి చేసినది, రాత్రంతా కొద్దికొద్దిగా ఇచ్చి ఖాళీ అయితే కొన్నిసార్లకే పాడైపోతుంది, అంతకన్నా ముందు పొద్దున బండి స్టార్ట్ కాదు. ఫ్రిజ్‌కి, లైట్లూ ఫ్యానూ లాంటి వాటికి వేరే బ్యాటరీ ఉండాలి.

లెడ్ యాసిడ్ రకాల్లో, నీళ్ళు పోయనవసరం లేని ఏజీఎం రకం కూడా అందులోదే, రాసి ఉన్న దాంట్లో సగమే వాడుకోవాలి, అంతకు మించి దింపుతూ పోతే ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (కింద లిథియం అన్నది దీన్నే) అయితే 80 నుంచి 90 శాతం వాడుకోవచ్చు. మన లెక్కలో రోజుకి 50 ఏహెచ్, ఎండ లేకుండా రెండు రోజులు గడవాలనుకుంటే 100 ఏహెచ్ చేతిలో ఉండాలి. దానికి ఏజీఎం అయితే 200 ఏహెచ్ కావాలి, దాదాపు 60 కిలోలు. లిథియం అయితే 120 ఏహెచ్ సరిపోతుంది, 15 కిలోల లోపే. ధర చూస్తే లిథియం దగ్గర చెయ్యి వెనక్కి వస్తుంది, నాకూ వచ్చింది, కానీ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి అదే చవక పడుతుంది. ఒక్క జాగ్రత్త: సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు, శాశ్వతంగా దెబ్బ తింటుంది. మంచు ప్రాంతాలకి వెళ్ళేవాళ్ళు ఆ చలిలో ఛార్జింగ్ తనంతట తనే ఆపేసే బీఎంఎస్, అంటే బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్, ఉన్నదే చూసి కొనండి, బ్యాటరీని వ్యాన్ లోపలే పెట్టండి.

వైరింగ్ తలనొప్పి వద్దు అనుకునేవాళ్ళు పవర్ స్టేషన్, అంటే బ్యాటరీ, సాకెట్లు అన్నీ కలిసి ఒకే డబ్బాలో వచ్చేది, తీసుకుంటారు. 500 వాట్ అవర్లది ఒక రోజు ఫ్రిజ్‌ని లాగుతుంది. కొనేముందు రెండు విషయాలు అడగండి. ఒకటి, దాని 12 వోల్టుల సాకెట్ బ్యాటరీ తగ్గుతున్నా స్థిరంగా వోల్టేజ్ ఇస్తుందా. రెండు, లోడ్ తక్కువగా ఉంటే తనంతట తనే ఆఫ్ అయ్యే సెట్టింగ్ ఉందా, ఉంటే దాన్ని తీసేయొచ్చా. ఫ్రిజ్ చల్లబడి కంప్రెసర్ ఆగినప్పుడు లోడ్ దాదాపు సున్నా అవుతుంది కదా, కొన్ని పవర్ స్టేషన్లు అది చూసి సాకెట్ కట్టేస్తాయి, ఇక ఫ్రిజ్ మళ్ళీ ఆన్ కాదు. మీరు నిద్రలో ఉంటారు.

5. వైరు (దయచేసి దీన్ని దాటేయకండి)

నా మొదటి ప్రయాణంలో రాత్రి రెండింటికి ఒక చప్పుడుకి మెలకువ వచ్చింది. ఫ్రిజ్ టిక్ మని మొదలై, రెండు క్షణాలు మూలిగి, మళ్ళీ టిక్ మని ఆగిపోతోంది. కాసేపటికి మళ్ళీ అదే. ప్యానెల్ మీద ఎర్ర లైటు. కొత్త ఫ్రిజ్, బ్యాటరీ సాయంత్రమే నిండింది, కాబట్టి ఫ్రిజ్‌లోనే తేడా ఉందని తేల్చేసుకుని తిరిగి ఇచ్చేద్దాం అనుకున్నాను. పొద్దున్నే మీటరు తీసి బ్యాటరీ దగ్గర పెడితే 12.4 వోల్టులు. నేల మీద పడుకుని టార్చి నోట్లో పట్టుకుని, ఫ్రిజ్ వెనక కంప్రెసర్ తిరుగుతున్న ఆ రెండు క్షణాల్లో కొలిస్తే 11.1. మధ్యలో ఒక వోల్టుకి పైగా మాయం. సిగరెట్ లైటర్ ప్లగ్గు పట్టుకుంటే వేడిగా ఉంది, లాగితే దాని కొన మీద ఉన్న చిన్న స్ప్రింగు చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి మెత్తబడి ఉంది. బ్యాటరీలో కరెంటు ఉంది, ఫ్రిజ్ బాగుంది, రెండింటి మధ్య ఉన్న సన్న వైరు, ఆ వదులు ప్లగ్గు కలిసి మింగేశాయి. ఫ్రిజ్ ఏమో వోల్టేజ్ పడిపోయిందని చూసి బ్యాటరీని కాపాడుదామని ఆగిపోతోంది, ఆగగానే వోల్టేజ్ లేస్తుంది, లేవగానే మళ్ళీ మొదలెడుతుంది.

దీని వెనక లెక్క చాలా చిన్నది. ఒక మీటరు పొడవు, 1 స్క్వేర్ ఎంఎం మందం ఉన్న రాగి వైరుకి సుమారు 0.0175 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 5 మీటర్లంటే వెళ్ళడానికి 5, రావడానికి 5, మొత్తం 10. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే 0.117 ఓమ్‌లు, 5 యాంపుల దగ్గర దాదాపు 0.6 వోల్టులు పోతాయి. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం 10 యాంపులు లాగితే 1.2 వోల్టులు. అదే దూరానికి 6 స్క్వేర్ ఎంఎం వేస్తే 5 యాంపుల దగ్గర పోయేది 0.15 మాత్రమే. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ పట్టదు, 12లో ఒకటి పోతే ఫ్రిజ్ ఆగిపోతుంది.

కాబట్టి ఇలా చేయండి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా దానికంటూ ప్రత్యేకంగా ఒక జత వైర్లు లాగండి, ప్లస్, మైనస్ రెండూ. మైనస్ కోసం బండి బాడీని నమ్ముకోవద్దు, తుప్పు పట్టిన బోల్టు ఒకటి చాలు మళ్ళీ అదే కథ మొదలవడానికి. 3 మీటర్ల లోపు అయితే 4 స్క్వేర్ ఎంఎం, అంతకు మించితే 6. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవకగా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి, నిరోధం ఎక్కువ. ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే, చేతి దూరంలో, 15 యాంపుల ఫ్యూజ్ పెట్టండి. ఫ్యూజ్ కాపాడేది ఫ్రిజ్‌ని కాదు, వైరుని. ఎక్కడైనా రేకుకి రాసుకుని తోలు లేచి షార్ట్ అయితే ఆ ఫ్యూజే మీ వ్యాన్‌ని నిప్పు నుంచి తప్పిస్తుంది, అది వైరు మధ్యలో ఎక్కడో ఉంటే దానికి ముందున్న భాగానికి కాపలా లేనట్టే. రేకుల్లో రంధ్రాల గుండా పోయే చోట రబ్బరు గ్రోమెట్, అంటే అంచు వైరుకి రాసుకోకుండా ఆపే రింగు, పెట్టండి.

చివర సిగరెట్ లైటర్ సాకెట్ వద్దు. కుదుపులకి వదులవుతుంది, వదులైతే వేడెక్కుతుంది. రెండు ముక్కలు గట్టిగా పట్టుకునే ఆండర్సన్ కనెక్టర్ గానీ, బిగించి తిప్పితే లాక్ అయ్యే 12 వోల్టుల సాకెట్ గానీ పెట్టండి. వైరు చివర తొడిగే లోహపు లగ్గులు మామూలు కటింగ్ ప్లేయరుతో నొక్కొద్దు, క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడనివ్వండి.

6. బ్యాటరీ ఎలా నిండుతుంది

రోజూ బండి నడిపేవాళ్ళకి అన్నిటికన్నా నమ్మకమైనది ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే. కొత్త బండ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఉంటాయి, స్టార్టర్ బ్యాటరీ నిండగానే ఇంధనం ఆదా కోసం వోల్టేజ్ తగ్గించేస్తాయి, అందువల్ల మామూలు రిలేతో, అంటే ఇంజన్ నడుస్తున్నప్పుడు రెండు బ్యాటరీల్ని కలిపే స్విచ్చుతో, కలిపితే రెండో బ్యాటరీ ఎప్పటికీ సగం సగంగానే నిండుతుంది. వచ్చే వోల్టేజ్ తగ్గినా రెండో బ్యాటరీకి కావలసినంత చేసి ఇచ్చే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టండి. 30 యాంపులది అయితే రెండు గంటల ప్రయాణంలో దాదాపు 60 ఏహెచ్ ఇస్తుంది, మన రోజు ఖర్చు తీరిపోతుంది. దీనికి వైరు కనీసం 10 స్క్వేర్ ఎంఎం ఉండాలి, దూరం ఎక్కువైతే 16. లిథియం బ్యాటరీని నేరుగా ఆల్టర్నేటర్‌కి కలిపితే అది దొరికినంత కరెంటు లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు, కాబట్టి లిథియం ఉన్నవాళ్ళకి ఈ ఛార్జర్ తప్పనిసరి.

ఒకే చోట ఆగి ఉండేవాళ్ళకి సోలార్. పైకప్పు మీద పడుకోబెట్టిన 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున 300 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది, మబ్బు పట్టిన రోజు అందులో కొద్ది భాగమే. మన ఖర్చు రోజుకి 600 కాబట్టి 200 వాట్లు పెట్టాలి, మబ్బుల కాలంలో కూడా తిరుగుతామంటే 300. ఇంకో సంగతి, ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఇచ్చేది తగ్గుతుంది, 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం. ఎండలో కాలుతున్న ప్యానెల్ 60 డిగ్రీలకి చేరితే పదో వంతుకి పైగా పోయినట్టే, సరిగ్గా ఫ్రిజ్ ఎక్కువ తాగే రోజునే. అందుకే పైకప్పుకి ప్యానెల్‌కి మధ్య గాలి ఆడేలా రెండు మూడు అంగుళాల సందు వదలండి. ప్యానెల్‌కి బ్యాటరీకి మధ్య పెట్టే సోలార్ కంట్రోలర్ ఎంపీపీటీ రకం తీసుకోండి, ప్యానెల్ నుంచి రాబట్టగలిగినంతా రాబడుతుంది. నీడ విషయం కూడా గుర్తుంచుకోండి: వ్యాన్‌ని నీడలో పెడితే ఫ్రిజ్‌కి సుఖం, ప్యానెల్‌కి ఆకలి. మడత పెట్టే ప్యానెల్ ఒకటి పొడవాటి వైరుతో ఉంటే వ్యాన్ నీడలో, ప్యానెల్ ఎండలో పెట్టుకోవచ్చు, నాకు ఇది చాలా నచ్చింది.

క్యాంప్ సైట్‌లో మెయిన్స్ దొరికితే ఫ్రిజ్‌తో వచ్చిన అడాప్టర్ వాడండి, బ్యాటరీ ఛార్జర్ కూడా పెట్టేయండి.

ఇన్వర్టర్ మీద మాత్రం ఫ్రిజ్ నడపకండి. 12 వోల్టుల్ని 230 చేసి, మళ్ళీ అడాప్టర్‌లో 12 చేసి వాడటం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉండటానికే 10 నుంచి 20 వాట్లు తీసుకుంటుంది, రోజంతా అంటే 240 నుంచి 480 వాట్ అవర్లు, ఇంకో ఫ్రిజ్‌ని మోస్తున్నట్టు.

7. ఎక్కడ పెట్టాలి

కంప్రెసర్ లోపలి వేడిని తోడి బయటికి ఊదుతుంది, ఆ వేడిగాలికి పోవడానికి దారి కావాలి. జాలీలు ఏ వైపు ఉన్నాయో చూసి అటు 10 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. చెక్క పెట్టెలో బిగించేవాళ్ళు కింద చల్లగాలి వచ్చే రంధ్రం, పైన వేడిగాలి పోయే రంధ్రం రెండూ వేరువేరుగా పెట్టండి, లేకపోతే ఊదిన గాలినే మళ్ళీ పీల్చుకుంటూ రోజంతా తిరుగుతూనే ఉంటుంది. అరగంట నడిచాక లోపల చెయ్యి పెట్టి చూడండి, పొయ్యి దగ్గర చెయ్యి పెట్టినట్టుంటే రంధ్రం చాలలేదని అర్థం. ఎండ పడే కిటికీ పక్కన వద్దు.

తర్వాత, కట్టేయండి. 35 కిలోల పెట్టె గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకి ఎగిరొస్తే ఎవరికి తగులుతుందో ఆలోచించండి. నేలకి బోల్టు చేసిన రింగులకి రాచెట్ పట్టీలతో బిగించండి, ప్లాస్టిక్ హ్యాండిల్ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్లైడ్ మీద పెడితే అది మూసినప్పుడు లాక్ అయ్యేదై ఉండాలి.

8. ఇంటి దగ్గరే ఒక రోజు నడిపి చూడండి

ఫ్రిజ్ ఇంటికి రాగానే నిటారుగా కొన్ని గంటలు వదిలేయండి, రవాణాలో పక్కకి పడుకోబెట్టి ఉంటే లోపలి ఆయిల్ దాని చోటికి దిగాలి. తర్వాత వ్యాన్‌లో పెట్టి, నీళ్ళ సీసాలతో నింపి, మీరు వేసిన వైరు మీదే, మీ బ్యాటరీ మీదే 24 గంటలు నడపండి. షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకుంటే ఎంత పోయిందో ఏహెచ్‌లలో సరిగ్గా చూపిస్తుంది. లిథియం వోల్టేజ్ చివరిదాకా దాదాపు కదలదు కాబట్టి వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, లిథియం ఉన్నవాళ్ళకి ఈ మానిటర్ మరీ అవసరం. లోపల ఒక చిన్న థర్మామీటర్ అడుగున, ఇంకోటి పైన పెట్టండి. ఫ్రిజ్ స్క్రీన్ మీద 4 అని ఉన్నా అది సెన్సర్ ఉన్న చోటి అంకె, పై బుట్టలో 8 ఉండొచ్చు.

ఇదే రోజు ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ సెట్టింగ్, అంటే వోల్టేజ్ ఎంతకి పడితే ఫ్రిజ్ ఆగిపోవాలన్నది, కూడా పెట్టేయండి. మామూలుగా మూడు ఉంటాయి: తక్కువ, మధ్య, ఎక్కువ. లిథియం ఉంటే తక్కువ దాని మీద పెట్టండి, ఆ బ్యాటరీకి తన రక్షణ తనకే ఉంది, ఎక్కువ మీద పెడితే ఊరికే ఆగిపోతుంది. లెడ్ యాసిడ్ అయితే ఎక్కువ మీద, అయినా దాని మీద పూర్తిగా ఆధారపడొద్దు. చాలా ఫ్రిజ్‌లలో ఉండే డాన్‌ఫాస్, సెకాప్ 12 వోల్టుల కంట్రోలర్ (కంప్రెసర్‌ని నడిపే సర్క్యూట్) మామూలు సెట్టింగ్‌లో 10.4 వోల్టుల దగ్గర ఆగుతుంది, అప్పటికే లెడ్ యాసిడ్ బ్యాటరీ అడుగంటిపోయి ఉంటుంది. ఈ కంట్రోలర్లకి లైటు ఉంటే, ఒక్కసారి మెరిసి ఆగుతూ ఉంటే వోల్టేజ్ చాలట్లేదని, ఐదుసార్లు మెరిస్తే కంట్రోలర్ బాగా వేడెక్కిందని అర్థం. మిగతా వాటికి మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది, ఆ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

9. రోజూ వాడేటప్పుడు

4 డిగ్రీల దగ్గర పెట్టండి. 5 దాటి రెండు గంటలకి మించి ఉన్న పాలు, మాంసం, వండిన పదార్థాలు తినొద్దు, బయట 32 దాటి ఉంటే ఒక గంటే. ఫ్రిజ్ రాత్రి ఎప్పుడు ఆగిందో తెలియకపోతే పోనీలే అనుకోకుండా పారేయండి. ఇన్సులిన్ పెట్టేవాళ్ళు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే అది పనికిరాదు, చల్లటి గోడకి ఆనించకుండా డబ్బాలో, దాని పక్కనే థర్మామీటర్‌తో పెట్టండి.

మధ్యాహ్నం బ్యాటరీ నిండిపోయి సోలార్ ఇంకా వస్తూ ఉంటే ఆ కరెంటు వృథా. అప్పుడు ఫ్రిజ్‌ని 1 లేదా 2 డిగ్రీలకి దించండి, పడుకునేముందు మళ్ళీ 4కి పెంచండి. లోపలి సీసాలన్నీ చల్లదనాన్ని దాచుకుని రాత్రి తక్కువగా తిరిగేలా చేస్తాయి, చప్పుడు కూడా తగ్గుతుంది. ఆకుకూరలు ఉంటే మాత్రం 2 కన్నా కిందికి పోవద్దు, అంచుల్లో గడ్డకట్టి నల్లబడతాయి. ఫ్రిజ్ ఎంత నిండుగా ఉంటే అంత మంచిది, ఖాళీ అయ్యేకొద్దీ నీళ్ళ సీసాలతో నింపుతూ ఉండండి. ఇన్సులేషన్ కవర్ దొరికితే తొడగండి, జాలీలు మూసుకోకుండా.

ప్రయాణం అయిపోయాక అడుగున ఉన్న డ్రెయిన్ బిరడా తీసి నీళ్ళు వంపేసి, కొంచెం బేకింగ్ సోడా కలిపిన నీళ్ళతో లోపల, ముఖ్యంగా మూత రబ్బరు మడతల్లో, తుడిచి ఆరబెట్టండి. మళ్ళీ వాడేదాకా మూత పూర్తిగా మూయకుండా మధ్యలో మడిచిన గుడ్డ ఒకటి పెట్టి ఉంచండి, మూసేస్తే వారంలో బూజు పడుతుంది.